జర్మనీలో చదువు ఫ్రీ... మరి బిల్లు ఎవరు కడుతున్నారు?

ఇవాళ్టిది కొంచెం లెక్కల ఎపిసోడ్. టీయో కాఫీయో పక్కన పెట్టుకుని కూర్చోండి. లెక్కలంటే భయపడకండి, అన్నీ భాగహారాలే, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

అమీర్‌పేటలో మెట్రో దిగి ఏ వైపు నడిచినా ఒకలాంటి బోర్డు కనిపిస్తుంది. జర్మనీలో మాస్టర్స్, ట్యూషన్ ఫీజు సున్నా అని. పక్కన టోపీ, గౌను వేసుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి ఫొటో. ఆ బోర్డు చూసినవాళ్ళు నాకు పంపే మెయిల్స్‌లో ఒకటే ప్రశ్న ఉంటుంది. "అన్నా, జర్మనీ వాడు పరాయి దేశం పిల్లలకి కూడా ఊరికే చెప్తుంటే మనవాళ్ళు మన పిల్లలకే ఎందుకు చెప్పలేకపోతున్నారు?" మంచి ప్రశ్న. కోపంతో అడిగే ప్రశ్న కూడా. దీనికి రెడీమేడ్ జవాబులు రెండున్నాయి. ఒకటి, "మన దగ్గర అంతా అవినీతి". రెండోది, "మన జనాభా ఎక్కువ". రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ చెప్పేసి లేచి వెళ్ళిపోవడానికి పనికొచ్చే జవాబులే. అసలు సంగతి మధ్యలో ఉంది.

ముందు ఆ బోర్డు సంగతి తేల్చేద్దాం. సున్నా అన్నది ట్యూషన్ ఫీజు వరకే. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రతి సెమిస్టర్‌కీ ఒక కంట్రిబ్యూషన్ కట్టాలి. ఊరిని బట్టి 100 నుంచి 400 యూరోల దాకా ఉంటుంది. చాలా చోట్ల అందులోనే బస్సు, ట్రైన్ పాస్ కలిసొస్తుంది కాబట్టి అది పెద్ద బాధ కాదు. బాధంతా బ్లాక్డ్ అకౌంట్‌తో. వీసా కావాలంటే మన పిల్లలు ఒక ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే అక్కడి అకౌంట్‌లో వేసి చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. మన డబ్బులో దాదాపు 12 లక్షలు. నెలకి 992 యూరోల చొప్పున తీసుకుని బతకాలి. మ్యూనిక్‌లో గది అద్దెకే అందులో పెద్ద ముక్క పోతుంది.

పైగా అన్ని రాష్ట్రాల్లోనూ సున్నా కాదు. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 చలికాలం సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే మనలాంటి వాళ్ళకి మాస్టర్స్‌కైతే సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టింది. బోర్డు మీద ఇవి రాయరు. రాస్తే ఆ అమ్మాయి ఫొటోకి చోటుండదు.

సరే, ఇదంతా మనలాంటి బయటివాళ్ళ సంగతి. జర్మనీ పిల్లలకి మాత్రం నిజంగానే ఫ్రీ. అదేదో వాళ్ళ రక్తంలో ఉందని, ఎప్పటినుంచో అలాగే నడుస్తోందని అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఈ ఎపిసోడ్ కోసం చదువుతుంటే ఒక కథ దొరికింది, నాకు చాలా నచ్చింది.

2005 జనవరిలో జర్మనీ రాజ్యాంగ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఫీజులు పెట్టకూడదని కేంద్రం చట్టం చేయడం చెల్లదు, విద్య రాష్ట్రాల పరిధి అని. ఇక చూస్కోండి, మొత్తం 16 రాష్ట్రాల్లో ఏడు రాష్ట్రాలు ఫీజు మొదలెట్టాయి. ఎంత? సెమిస్టర్‌కి మహా అయితే 500 యూరోలు. మన కళ్ళకి అదేం పెద్ద మొత్తం కాదు. కానీ అక్కడి జనం ఊరుకోలేదు. హెస్సె రాష్ట్రం పెట్టిన ఏడాదికే 2008లో ఎత్తేసింది. ఆ తర్వాత ఒక్కొక్కటీ. బవేరియా అయితే చూడాల్సిందే. అది సంప్రదాయవాదుల కోట, డబ్బున్న రాష్ట్రం. 2013 జనవరిలో అక్కడ ఫీజు రద్దు చేయాలని సంతకాల సేకరణ పెట్టారు. సంతకం అంటే వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే లింకు కాదండి. గడువు రెండు వారాలు. ఆ చలిలో స్వయంగా మునిసిపల్ ఆఫీసుకెళ్ళి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఓటర్లలో పది శాతం మంది పెడితే లెక్కలోకొస్తుంది. అంతకంటే ఎక్కువ మందే, 13 లక్షల మందికి పైగా పెట్టారు. వాళ్ళలో అందరూ స్టూడెంట్లు కాదు కదా, తాతలూ బామ్మలూ వెళ్ళారు. కొన్ని నెలల్లో అసెంబ్లీ ఫీజు ఎత్తేసింది. చివరికి 2014లో లోయర్ సాక్సనీ కూడా తీసేయడంతో దేశం మొత్తం మళ్ళీ ఫ్రీ అయింది.

ఇందులో మనం గమనించాల్సిన ముక్క ఇంకోటుంది. ఫీజు తీసేసినప్పుడు యూనివర్సిటీలకి ఆదాయం పడిపోతుంది కదా. బవేరియా, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా లాంటి రాష్ట్రాలు ఆ లోటుని బడ్జెట్ నుంచి నేరుగా యూనివర్సిటీలకే ఇచ్చాయి. విద్యార్థి మధ్యలో లేడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

అక్కడ కూడా వ్యతిరేక వాదన ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఆసుపత్రిలో నర్సు కట్టే పన్నుతో పెద్ద డాక్టరు గారి అబ్బాయి ఫ్రీగా ఎందుకు చదవాలి? యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళలో చదువుకున్న కుటుంబాల పిల్లలే ఎక్కువ కాబట్టి ఫ్రీ అన్నది ఉన్నవాళ్ళకే లాభం అంటారు. కొట్టిపారేసే వాదన కాదు. దానికి అక్కడివాళ్ళు చెప్పే జవాబు, ఆ అబ్బాయి రేపు సంపాదించాక ఎక్కువ పన్ను కడతాడుగా అని. అలాగే తిండికీ అద్దెకీ లేనివాళ్ళ కోసం 1971 నుంచి బాఫోగ్ అనే పథకం ఉంది. ఇచ్చేదాంట్లో సగం గ్రాంటు, సగం వడ్డీ లేని అప్పు. ఎంత తీసుకున్నా తిరిగి కట్టేది 10,010 యూరోలు మించదు.

ఇప్పుడు అసలు లెక్కలకి వద్దాం.

జర్మనీ ఆర్థిక వ్యవస్థా, మన ఆర్థిక వ్యవస్థా డాలర్లలో చూస్తే ఇప్పుడు దరిదాపుల్లోనే ఉన్నాయి. రెండూ సుమారు నాలుగు ట్రిలియన్ల పైన, కింద. వాళ్ళు కాస్త ముందున్నారు. మన టీవీల్లో ఈ ర్యాంకింగ్ గురించి రోజూ డప్పు కొడతారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. కానీ ఉన్నత విద్యలో వాళ్ళకున్న విద్యార్థులు దాదాపు 29 లక్షలు. మనకి 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 4 కోట్ల 33 లక్షలు. అంటే పదిహేను రెట్లు. దాదాపు అంతే సైజు రొట్టె, పదిహేను రెట్ల మంది. రెండు ప్రభుత్వాలూ జీడీపీలో సరిగ్గా ఒకే శాతం ఖర్చు పెట్టినా ఒక్కో విద్యార్థికి వచ్చే ముక్క పదిహేనో వంతు కంటే చిన్నదే. అందుకే "జీడీపీలో ఎంత శాతం" అనే పోలిక వింటే నాకు చిరాకు. కొఠారీ కమిషన్ 1966లో మొత్తం విద్యకి ఆరు శాతం అంది. 1968 విధానం అదే అంది, 1986 విధానం అదే అంది, 2020 విధానం మళ్ళీ అదే అంది. ఇప్పుడు ఎంత ఖర్చవుతోందో అడగండి. ఆర్థిక సర్వే లెక్కలో 2.9 శాతం. విద్యాశాఖ లెక్కలో, అన్ని శాఖలు విద్య మీద పెట్టేది కలిపి, 2020-21లో 4.64 శాతం. ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, రెండు అంకెలు. మీకు ఏ వాదన కావాలంటే ఆ అంకె ఎత్తుకోవచ్చు, టీవీ చర్చల్లో జరిగేది అదే.

కాబట్టి తలసరి చూద్దాం. ఓఈసీడీ లెక్కల్లో జర్మనీలో ఒక ఉన్నత విద్యార్థి మీద ఏడాదికి 20 వేల డాలర్లకు పైనే ఖర్చవుతుంది. ఇది ధరల తేడా సర్దుబాటు చేసిన డాలరు. అంటే మన దగ్గర నాలుగు లక్షల రూపాయలకి పైన ఏం కొనగలమో అంత అనుకోండి. అందులో ఐదింట నాలుగు వంతుల పైన ప్రభుత్వానిదే. ఒక్క జాగ్రత్త, ఇందులో పరిశోధన ఖర్చు కూడా కలిసి ఉంది, అది తక్కువేం కాదు.

మన వైపు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఉన్నత విద్యా శాఖకి ఇచ్చింది సుమారు 50 వేల కోట్లు. 4.33 కోట్ల మందితో భాగించండి. 11,500 రూపాయలు. ఏడాదికండీ, నెలకి కాదు. రాష్ట్రాలు పెట్టేది దీనికి అదనం. సరే, రాష్ట్రాలది కలిపితే ఇది నాలుగింతలు అవుతుందని ఉదారంగా అనుకుందాం, అయినా 50 వేలు దాటదు.

ఇక్కడ "జనాభా ఎక్కువ కదా, ఏం చేస్తాం" అని ఆగిపోతారు చాలామంది. నేను ఆగను. ఎందుకంటే ఇంకో భాగహారం ఉంది, అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

అదే బడ్జెట్‌లో ఐఐటీలకి 11,300 కోట్లకు పైగా ఇచ్చారు. 23 ఐఐటీల్లో 1.35 లక్షల మంది ఉన్నారని ఆర్థిక మంత్రి గారే ఆ బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. భాగించండి. ఒక్కొక్కరికి 8 లక్షల 40 వేలు. ఏడాదికి. అంటే జర్మనీ సగటుకి రెట్టింపు దాకా మన ప్రభుత్వం ఖర్చు పెట్టగలదు, పెడుతోంది కూడా. కాకపోతే చాలా కొద్దిమంది మీద. ఐఐటీలో కొత్త భవనాలుంటాయి, ల్యాబులుంటాయి, పీహెచ్‌డీ స్టైపెండ్లుంటాయి, అవన్నీ అందులోనే అని నాకు తెలుసు. ఐఐటీలకి తగ్గించమనీ అనట్లేదు. కానీ ఒక పక్క 8 లక్షల 40 వేలు, ఇంకో పక్క జిల్లా కేంద్రంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, అందులో గెస్ట్ లెక్చరర్, ఆయనకి నెలల తరబడి రాని జీతం. ఈ రెండూ ఒకే దేశం "ఉన్నత విద్య" అనే పద్దు కిందవే. జర్మనీలో పెద్ద యూనివర్సిటీకీ, మన పాలిటెక్నిక్‌లకి అన్నలాంటి అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీకీ మధ్య తేడా ఉంది. ఇంత అగాధం మాత్రం లేదు. అందుకే అక్కడ పిల్లలు ఫలానా కాలేజీ రాకపోతే జీవితం అయిపోయింది అనుకోరు. కోటా, నారాయణగూడ, బెజవాడ హాస్టళ్ళు వాళ్ళకి అవసరం పడలేదు.

ఇక మన తెలుగు రాష్ట్రాల ప్రత్యేకత, ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇక్కడ నేను తటస్థంగా మాట్లాడలేను, ముందే చెప్తున్నా. నేను ఈ పథకం లేకపోతే బీటెక్ చదివేవాణ్ణి కాదు. రాజశేఖర రెడ్డి గారి ప్రభుత్వం ఉమ్మడి రాష్ట్రంలో దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. మా నాన్న ఆటో నడుపుతూ ఇద్దరు పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించారంటే దానివల్లే. ఆ మేలు మర్చిపోతే నాకు పుట్టగతులుండవు.

కానీ డబ్బు నడిచే దారి చూడండి. జర్మనీలో ప్రభుత్వం డబ్బు యూనివర్సిటీకి ఇస్తుంది, విద్యార్థి వెళ్ళి చదువుకుంటాడు. మన దగ్గర ప్రభుత్వం విద్యార్థి పేరు మీద ప్రైవేటు కాలేజీకి ఇస్తుంది. పేరుకి మన డబ్బు, చేరేది వాళ్ళకి. ఈ ఖర్చు చాలావరకు విద్యాశాఖ పద్దులో కూడా ఉండదు, ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల పద్దుల్లో ఉంటుంది. అంటే చదువు మీద ఖర్చు కాదు, సాయం. సాయం అన్నాక ఖజానాలో ఉంటే ఇస్తారు, లేకపోతే "టోకెన్ పడింది" అంటారు. పదేళ్ళు తిరిగేలోపు ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు 700కి చేరాయి. అదే కాలంలో మన సొంత యూనివర్సిటీల్లో రిటైరైన ప్రొఫెసర్ల కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉండిపోయాయి. ఆ డబ్బులో సగమైనా ఆ కుర్చీల్లో మనుషుల్ని కూర్చోబెట్టడానికి వాడి ఉంటే? ఈ ప్రశ్నని నేను చాలామంది పెద్దవాళ్ళని అడిగాను. "అప్పుడు సీట్లు ఇన్ని వచ్చేవి కావు" అన్నారు. అదీ నిజమే. నేను చదివిన సీటు అలా వచ్చిందే.

నా కథ చెప్తాను, చిన్నదే. 2018లో నా బీటెక్ అయిపోయింది. మాది జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీ, పేరు అనవసరం. ఏడాదికి 35 వేల రీయింబర్స్‌మెంట్ నాది. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, జాయినింగ్ తేదీ వచ్చింది, ఒరిజినల్స్ చూపించాలి. కాలేజీ ఆఫీసుకెళ్తే గుమాస్తా గారు రిజిస్టర్ తిప్పి, "నీకు రెండేళ్ళది ప్రభుత్వం నుంచి రాలేదు, 70 వేలు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్ళు, ప్రభుత్వం ఇచ్చాక నీకు తిరిగిస్తాం" అన్నారు. "సార్, బాకీ పడింది ప్రభుత్వం కదా, నేను కాదు కదా" అన్నాను. ఆయన చెడ్డవాడేం కాదు. "నాకు మాత్రం జీతం వచ్చి మూడు నెలలైంది నాయనా" అన్నాడు. ఆ మాటతో నాకు నోరు పెగల్లేదు.

మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. జాయినయ్యాను. ఆ అక్టోబర్‌లోనే యూజీసీ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది, కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని. నాకు నాలుగు నెలలు లేటయింది. లేటవకపోయినా పెద్ద తేడా ఉండేది కాదనుకోండి, ఇప్పటికీ ఆ పని చేసే కాలేజీలు ఉన్నాయి. ప్రభుత్వం ఆ డబ్బు తర్వాత విడుదల చేసింది. మూడుసార్లు తిరిగితే 35 వేలు వచ్చాయి. రెండో 35 వేలు "అడ్జస్ట్" అయ్యాయట. ఎందులో అయ్యాయో నాకు ఇవాళ్టికీ తెలీదు.

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క. బవేరియాలో ప్రభుత్వానికీ యూనివర్సిటీకీ మధ్య డబ్బు గొడవ వస్తే వాళ్ళిద్దరూ కొట్టుకుంటారు. 2025లో బెర్లిన్ యూనివర్సిటీల బడ్జెట్‌కి కోత పెట్టినప్పుడు అదే జరిగింది, రోడ్డెక్కారు. కానీ ఆ గొడవలో ఏ విద్యార్థి సర్టిఫికెటూ బీరువాలో తాకట్టు ఉండదు. మన దగ్గర తాకట్టు మనమే. 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టాయి. ప్రభుత్వం కొంత ఇస్తామంది, తలుపులు తెరిచారు. పరీక్షలు పోయింది మాత్రం పిల్లలకే. ఆంధ్రాలో మధ్యలో డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం మళ్ళీ కాలేజీలకే ఇస్తోంది. ఖాతా మారుతుంది, ఆలస్యం మారదు.

జర్మనీని నేను ఆకాశానికెత్తట్లేదు. మా జూనియర్ ఒకడు అక్కడ చిన్న ఊళ్ళో మాస్టర్స్ చేస్తున్నాడు. పైకప్పు కారి ఒక బ్లాక్ మొత్తం మూసేశారని చెప్పాడు. పాత భవనాల మరమ్మతులు ఏళ్ళ తరబడి పేరుకుపోవడం అక్కడ పెద్ద సమస్య. యువ పరిశోధకులకి ఏడాది, రెండేళ్ళ కాంట్రాక్టులే దిక్కని 2021లో పెద్ద ఉద్యమమే జరిగింది. నాలుగో తరగతి తర్వాతే చాలా రాష్ట్రాల్లో పిల్లల్ని వేరే వేరే స్కూళ్ళకి పంపేస్తారు, యూనివర్సిటీ దారి ఎవరిదో పదేళ్ళ వయసులోనే సగం తేలిపోతుంది. టర్కీ నుంచి వచ్చిన కూలీల పిల్లల్ని అడగండి ఫ్రీ చదువు గురించి, వాళ్ళు వేరే కథ చెప్తారు. అన్నింటికంటే ముఖ్యం, వాళ్ళు పన్ను కడతారు. సామాజిక భద్రత వాటా కలిపితే జర్మనీలో పన్నులు జీడీపీలో 38 శాతం దాకా. మన కేంద్రం, రాష్ట్రాలు కలిపి 17, 18 శాతం. "అక్కడలాగా ఫ్రీ ఇవ్వండి" అన్నవాళ్ళే "అక్కడలాగా పన్ను కట్టండి" అంటే ఛానల్ మార్చేస్తారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఫామ్ 16 చూసుకుని తిట్టుకున్నవాణ్ణే.

మరి నాకేం కావాలి? మొత్తం ఫ్రీ అనను. రీయింబర్స్‌మెంట్ రద్దూ వద్దు, అది పోతే ముందు పోయేది మా ఇంటిలాంటి ఇళ్ళే. ఆ డబ్బు విడుదలకి చట్టబద్ధమైన తేదీ ఉండాలి, జీతాలకి ఒకటో తారీఖులాగా. తేదీ దాటితే వడ్డీ ప్రభుత్వం కట్టాలి, కాలేజీ విద్యార్థి జోలికి రాకూడదు. ఇంకా రాష్ట్ర యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టులు నింపాలి. ఉస్మానియా 1918లో పుట్టింది, ఆంధ్రా యూనివర్సిటీ 1926లో. మన తాతలు కట్టిన ఇళ్ళు అవి. వాటిలో కప్పు కూడా వేయించకుండా పక్కింటికి అద్దె కడుతున్నాం.

ఆఖరుగా ఒక పని. మీరు గానీ మీ తమ్ముడో చెల్లో గానీ గత ఐదారేళ్ళలో ఇలా చేతి నుంచి ఫీజు కట్టి సర్టిఫికెట్లు తెచ్చుకుని ఉంటే, తెలంగాణ వాళ్ళు ఈపాస్ వెబ్‌సైట్లో, ఆంధ్రా వాళ్ళు జ్ఞానభూమిలో మీ అప్లికేషన్ నంబర్ కొట్టి చూడండి. ఏ ఏడాదిది విడుదలైందో అక్కడ కనిపిస్తుంది. విడుదలై ఉంటే ఆ పేజీ ప్రింట్ తీసుకుని, మీరు కట్టిన రసీదు జిరాక్స్ జత చేసి, కాలేజీ ప్రిన్సిపాల్ గారి పేరు మీద రాతపూర్వకంగా అడగండి. ఇంకో కాపీ మీద అందినట్టు స్టాంపు, తేదీ వేయించుకోండి. నోటిమాటగా అడిగితే అడ్జస్ట్ అయిపోతుంది, నా అనుభవం. రసీదు ఇవ్వకుండా డబ్బు తీసుకున్న కేసులుంటే నాకు మెయిల్ చేయండి, కాలేజీ పేరు రాయకపోయినా పర్లేదు, ఏ సంవత్సరం, ఎంత అన్నది రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక లాయర్ గారు వస్తున్నారు, ఆయన ముందు పెడతాను. ఉంటాను మరి.